పెట్రోలు ఆదివారం

వడియాల్లో ఉన్నది జీలకర్రా, మసా అన్న దాని మీద ఆ శనివారం పొద్దున్నే అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది.

"జీలకర్ర ఇంత గుమ్మరించీసినావేటే? సుక్కలు సుక్కలుగా నల్లగా అగుపిస్తన్నాది," అంది పైడమ్మ, చాటలోంచి ఒక వడియం తీసి కళ్లజోడు దగ్గర పెట్టుకుని.

"జీలకర్ర వెయ్యనేలేదు అత్తయ్యా. అది ఉర్లా."

"ఉర్లా ఏటి?"

"ఉర్లా ఫ్యాక్టరీల మసి. డాబా మీద ఎండబెట్టొద్దని చెప్పాను. మీరు పెట్టించారు."

"మసయితే ఊదితే ఎగిరిపోవాల," అని పైడమ్మ ఉఫ్‌మని ఊదింది. సగం చుక్కలు ఎగిరి చాట అంచున పడ్డాయి. ఓడిపోవడం అలవాటు లేని మనిషి కనుక, "సూసినావా, ఎంత తేలిక జీలకర్ర తెచ్చినావో!" అంది.

ఉమారాణి చాట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆమె చాలా వాదాలు ఇలాగే ముగించేది. విజయనగరంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, రైల్వే ఆఫీసులో గుమస్తాగా పనిచేసే ధనుంజయ్‌ని చేసుకుని రాయ్‌పూర్ వచ్చింది. ఆ చదువు ఇన్నేళ్లలో ఆ ఇంటికి పనికొచ్చింది ఒక్కందుకే: పెళ్లిచూపుల నాడు చెప్పుకోవడానికి.

మసి మాట మాత్రం నిజం. శంకర్ నగర్‌లో వాళ్లది మేడ మీది వాటా. పొద్దున్న గచ్చు తుడిస్తే మధ్యాహ్నానికి అరికాళ్లు నల్లబడతాయి. ఊళ్లో గాలి మంచిది కాదన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మామగారు పాపయ్య వ్యాగన్ రిపేరు షాపులో చేసి రిటైరైన మనిషి, రోజుకు ఒకసారైనా, "ఈ ఊరి గాలి పీల్చి మనం బతికున్నామంటే మన ఎముకలు గట్టివి" అనేవాడు. అందుకని కిటికీలన్నీ గట్టిగా బిగించి ఉండేవి. బయటి విషం ఒక్క రవ్వ కూడా లోపలికి రాకుండా కాపాడుకున్న ఆ నడవ గదిలోనే, నెలకు రెండు ఆదివారాలు, పైడమ్మ పట్టుచీరలకు పెట్రోలు వాష్ చేసేది.

రాయ్‌పూర్ తెలుగువాళ్లలో పైడమ్మ చేతి వాష్‌కు పేరుంది. పసుపు మరక, నూనె మరక, పెళ్లిలో పడ్డ సాంబారు మరక, ఏదైనా ఆమె దగ్గరకు రావలసిందే. డబ్బు తీసుకోదు. దానికి బదులు, ఏ పేరంటానికి వెళ్లినా ముందువరస కుర్చీ ఆమెది. "ఈ మెరుపు పైడమ్మగారి చలవే" అని ఎవరో ఒకరు కొంగు చూపించి అనాలి. అనకపోతే పైడమ్మ అడిగి అనిపించుకునేది.

పెట్రోలు ఆదివారానికి ఒక పద్ధతుంది. ముందురోజు రాత్రికే పులిహోర కలిపేసుకోవాలి, ఆ పూట పొయ్యి వెలిగించరు. దేవుడి దగ్గర దీపం పెట్టరు, అగరొత్తి కూడా ముట్టించరు. ఆ పూటకు దేవుడికీ సెలవే. పంపుల్లో సీసాల్లో పెట్రోలు పొయ్యరు కాబట్టి ధనుంజయ్ స్కూటరు ట్యాంకు నింపుకుని వచ్చి, అందులోకి రబ్బరు గొట్టం దింపి, నోటితో ఒక్క పీల్పు పీల్చి, డబ్బాలోకి దించేవాడు. తరవాత థూ థూ అని ఉమ్మి, పుక్కిలించి, ఒక లవంగం నమిలేవాడు. లవంగానికి విరుగుడు గుణం ఉందని ఆయనకు నమ్మకం. ఇక పైడమ్మ పీట వేసుకుని, అల్యూమినియం బేసినులో పెట్రోలు పోసి, చీరను మడత మీదనే ముంచి, చంటిపిల్లకు తలంటినంత మెత్తగా పిసికేది. ఎండలో ఆరేస్తే మసి పడుతుంది కాబట్టి, కిటికీలు మూసిన ఆ గదిలోనే తాళ్లు కట్టి ఆరేసేవారు. నిప్పు అంటుకుంటుందేమోనని అన్ని జాగ్రత్తలూ తీసుకునే ఇల్లు అది. కంటికి కనిపించే ప్రమాదం దేన్నీ వాళ్లు దగ్గరికి రానివ్వరు.

ఉమారాణి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నోరు విప్పింది. కాలేజీ ల్యాబులో బెంజీన్ సీసా మూత తీయాలంటే పొగ బయటకు లాగే అర కింద పెట్టి తీయమనేవారనీ, ఆ బెంజీన్ పెట్రోల్లో ఉంటుందనీ చెప్పింది. ధనుంజయ్ నవ్వి, "అరె, అది పాత మాట. రెండువేల సంవత్సరంలోనే గవర్నమెంటు పెట్రోల్లోంచి సీసం తీసేసింది. ఇప్పుడొచ్చేది ఎక్‌దమ్ శుద్ధం" అన్నాడు. సీసం తీసేస్తే, ఇంజను తన్నుకోకుండా దాని బదులు ఇంకేదో కలపాలి కదా అని ఆమె అడగబోయింది. అప్పటికే ఆయన పేపర్లో ఆటల పేజీకి వెళ్లిపోయాడు. పాపయ్య మాత్రం సీసం పోయినందుకు నిజంగానే బాధపడ్డాడు. "సీసం ఉన్న రోజుల్లో బండి ఎంత నున్నగా పోయేదిరా!" అని.

ఇప్పుడీ కథ మొదలయ్యే నాటికి పైడమ్మకు మణికట్టు నొప్పి పట్టుకుంది. పిసకడం కష్టమవుతోంది. వారసత్వం ఎవరికన్న ప్రశ్న వచ్చింది. కోడలికి చెయ్యి మెత్తన కాదని ఆమె ఎప్పుడో తేల్చేసింది. కాబట్టి వారసత్వం సరాసరి మనవరాలికి దిగింది. ఫణిశ్రీకి పదిహేడేళ్లు, ట్వెల్త్ చదువుతోంది. గడిచిన రెండు పెట్రోలు ఆదివారాలూ నాన్నమ్మ పీట మీద ఆ పిల్లే కూర్చుంది. రెండుసార్లూ సాయంత్రానికల్లా తల పట్టుకుని పడుకుంది.

ఉమారాణికి ఇంక ఆ ఇంట్లో కావలసింది ఒక్కటే. ఆ పీట మీద తన కూతురు కూర్చోకూడదు.

* * *

ఆ శనివారం సాయంత్రం ఊళ్లోనే మోవా వైపు ఉండే ధనుంజయ్ స్నేహితుడు దానయ్య వచ్చాడు. ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజరు. చేతిలో కవరు, అందులో అతని భార్య నాంచారమ్మ పెళ్లినాటి చీర. మీగడ రంగు ఒళ్లు, నెత్తురెరుపు అంచు. కొడుకు వివేక్ పెళ్లికి ఆవిడ అదే కట్టుకోవాలని ముచ్చటపడుతోంది.

"రేపటికి వేరే సీరలున్నాయి బాబూ. వొచ్చే పెట్రోలు ఆదివారానికి నీదే మొదటిది," అని పైడమ్మ చీరను తీసుకుని లోపలికి వెళ్లింది. దానయ్య, ధనుంజయ్, పాపయ్య ముగ్గురూ కూర్చుని దేశానికి పట్టిన పెద్ద కష్టం గురించి మాట్లాడుకోవడం మొదలెట్టారు. పెట్రోల్లో ఇథనాలు కలుపుతున్నారు.

"ఇరవై శాతం, అన్నా! ఐదో వంతు సారా!" అన్నాడు ధనుంజయ్. "లోపల రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయంట. గొట్టాలు పగిలిపోతాయంట. ట్యాంకు తుప్పు పడుతుందంట. నా పాత బండి ఇది ఎలా తట్టుకుంటుంది చెప్పు?"

"నా బండి పొద్దున్నపూట దగ్గుతోంది భాయ్," అన్నాడు దానయ్య దిగులుగా.

"దగ్గదా మరి! నోరు లేని జీవి. మనం ఏది పోస్తే అది తాగుతుంది."

పాపయ్యకు వచ్చిన అనుమానం వేరు. "సారా తాగిన బండి మీద గుడికెల్తే ఏటవుతాదిరా? మనం తాగినట్టు లెక్కా, బండి తాగినట్టు లెక్కా?"

టీ గ్లాసులు అందిస్తున్న ఉమారాణి, "రబ్బరు గొట్టాలే తట్టుకోలేని దాంట్లో రేపు ఫణి చేతులు పెడుతుంది" అంది.

ఆ మాటలో ఏదో ఉందని ముగ్గురికీ తట్టినట్టే ఉంది. ధనుంజయే ముందు తేరుకున్నాడు.

"అదే కదా నేను చెప్తున్నది. రబ్బరుకే ప్రాబ్లమ్. చెయ్యి రబ్బరు కాదు కదా, చర్మం. నేచురల్."

దానయ్య ఒప్పుకున్నట్టు తల ఊపి, టీ ఊదుకుని తాగాడు.

* * *

ఆదివారం పదకొండు దాటాక ఫణిశ్రీ నాలుగో చీర పిండి లేవబోయి, గోడకు చెయ్యి చాపింది. చెయ్యి ఆనలేదు. పిల్ల తాళ్ల మీది చీరల మధ్య నుంచి మెల్లగా కిందికి జారిపోయింది.

ఉమారాణి పరుగెత్తుకొచ్చి, ముందు కిటికీ తలుపులు బార్లా తీసి, పిల్లను ఈడ్చుకుని బాల్కనీలోకి తీసుకెళ్లింది.

"అమ్మా, చక్కర్ ఆ రహా హై... అంతా తిరుగుతోంది," అంది ఫణిశ్రీ కళ్లు మూసుకునే.

"తలుపులు మూయవే, సీరల మీద మసి పడిపోతాది!" అని లోపలి నుంచి పైడమ్మ కేక. కేక వేశాక తనే సిగ్గుపడి, గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చింది. "ఓలమ్మో, గుంట మొకం సున్నంలాగైపోనాది!"

కారణాలు వరసగా తేలాయి. పొద్దున్న టిఫిన్ సరిగ్గా తినలేదు, పులిహోర వేళ్లతో కెలికి వదిలేసింది: ఇది నాన్నమ్మ. రాత్రంతా ఫోను చూస్తుంది, కళ్లకు నిద్రేదీ: ఇది నాన్న. మొన్న పేరంటంలో చీర కట్టుకుని తిరిగింది, దిష్టి: ఇది తాత. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు, ఉప్పు సిద్ధం చేశాడు కూడా. కాని నిప్పు మీద వెయ్యాలి. ఇంట్లో పెట్రోలు ఉంది కనుక వద్దనుకున్నారు. పెట్రోలు ప్రమాదకరమన్న విషయాన్ని ఆ ఇంట్లో ఎవ్వరూ కాదనలేదు.

సోమవారం సాయంత్రం పిల్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ ఫణిశ్రీ కళ్లు చూసి, అరచేతులు తిప్పి చూసి, పగిలి తెల్లబడ్డ వేళ్ల సందులు చూసి, హిందీలో అడిగింది. ఇంట్లో రంగుల పనేమన్నా జరుగుతోందా? ఎవరన్నా పెట్రోలు పంపులో పనిచేస్తారా?

"నహీ మేడమ్," అన్నాడు ధనుంజయ్ కొంచెం నొచ్చుకుని. "హమ్ రైల్వే వాలే హై."

ఉమారాణి జరిగేదంతా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "ఉత్త చేతులతోనా? మూసిన గదిలోనా?" అని రెండుసార్లు అడిగింది. మొదటిసారి వినపడక కాదు. అందులో ఉండేవి చర్మంలోంచి, ఊపిరిలోంచి రక్తంలోకి పోతాయనీ, ఈ ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు గాని ఏళ్ల తరబడి చేస్తే రక్తం తయారయ్యే చోటే దెబ్బతినవచ్చనీ, ఇంధనం బండికి గాని మనిషికి కాదనీ చెప్పింది. పిల్లను మళ్లీ ఆ దరిదాపులకు పంపొద్దంది.

బయటికి రాగానే ధనుంజయ్ తేల్చేశాడు. "ఆవిడకి పట్టుచీరల సంగతి ఏం తెలుసు? సల్వార్ వేసుకుంటుంది."

"బెంజీన్ సంగతి తెలుసు."

"ఉమా, నువ్వు టెన్షన్ మత్ లో, కంగారు పడకు. ఆవిడ చెప్పింది మామూలు పెట్రోలు గురించి. దానికి నేను ఆలోచించాను." అని స్కూటరు కిక్కు కొట్టాడు. అది కొంచెం దగ్గి స్టార్టయింది. ఆయన ముఖంలో నిజమైన బెంగ కనిపించింది.

* * *

ధనుంజయ్ ఆలోచన బుధవారానికి బయటపడింది. పంపులో ప్రీమియం పెట్రోలు అని ఒకటి అమ్ముతున్నారు, ధర ఎక్కువ. పక్కన పెద్ద బోర్డు. అందులో ఇంజనులోని మురికిని కడిగేసే ప్రత్యేకమైన క్లీనింగ్ మందులు కలిపారట.

"అర్థమైందా?" అన్నాడు, వేలితో గాల్లో గీతలు గీస్తూ. "ఇంజనులో మసి ఎలాంటిది? పట్టిందంటే గీకినా పోదు. దాన్నే కడిగేసేది, పసుపు మరక ఎంత దానికి! పిసకక్కర్లేదు, ఊరికే ముంచి తీస్తే చాలు. అమ్మకి మణికట్టు నొప్పీ ఉండదు, ఫణికి తల తిరగడమూ ఉండదు. మనిషికి మంచిది, చీరకి మంచిది."

"సర్ఫు కలిపిన పెట్రోలన్నమాట," అన్నాడు పాపయ్య మెచ్చుకోలుగా.

"అక్షరాలా నాన్నా!"

పైడమ్మ కొడుకు వైపు చూసిన చూపులో, ఇన్నాళ్లకు వీడి చదువు ఇంటికి అక్కరకొచ్చిందన్న తృప్తి ఉంది.

ఉమారాణి చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "మామూలు పెట్రోలు ఆవిరైపోతుంది కాబట్టి చీర ఆరుతుంది. ఆ కడిగే మందు ఆవిరి కాదు, జిడ్డుగా చీరలోనే ఉండిపోతుంది. పైగా సారాకి రంగులు దిగొచ్చు. ముందు పాత జాకెట్టు ముక్క ముంచి చూడండి" అంది.

"ఇంజన్ని పాడు చెయ్యనిది చీరని పాడు చేస్తుందా?" అన్నాడు ధనుంజయ్, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆమె ఒకసారే చెప్పింది. చీర సంగతి కాబట్టి అంతకంటే చెప్పదలుచుకోలేదు. పిల్ల సంగతి మాత్రం మాటలకు వదిలిపెట్టలేదు. తరవాతి పెట్రోలు ఆదివారం పొద్దున ఏడు కాకముందే ఫణిశ్రీని లేపి, పుస్తకాలు సర్ది, టిఫిన్ డబ్బా ఇచ్చి, క్లాసు స్నేహితురాలింటికి పంపేసింది.

"వాళ్లింట్లో సాయంత్రం దాకా ఏం చెయ్యనమ్మా?" అంది ఫణిశ్రీ.

"గాలి పీల్చు," అంది ఉమారాణి.

మనవరాలు లేదని తెలిసి పైడమ్మ కాసేపు సణిగింది. కోడలిని పిలవడానికి మనసొప్పలేదు. చివరికి ఆలోచన ఎవరిదో వాళ్లనే పీట ఎక్కించారు. ధనుంజయ్ పంచె పైకి మడిచి, నాంచారమ్మ చీరను బేసినులోకి దించాడు. ఆ ఇంటి మగవాడు ఆ పీట మీద కూర్చోవడం అదే మొదలు.

"మెత్తగా రా, మెత్తగా! బండి కడుగుతన్నావనుకుంటన్నావా?"

"చూడమ్మా మురికి ఎలా వస్తోందో! పెట్రోలంతా ఎర్రబడిపోయింది!" అన్నాడు ధనుంజయ్ ఉత్సాహంగా.

పైడమ్మ ముందుకు వంగింది. కళ్లజోడు సర్దుకుంది. నెత్తురెరుపు అంచు మెల్లమెల్లగా, ఎవరినీ తొందరపెట్టకుండా, మీగడ రంగు ఒంట్లోకి నడిచి వస్తోంది.

"ఓరి నాయనో! తియ్యిరా! తియ్యి!"

తీశారు. మళ్లీ ముంచారు, పోతుందేమోనని. ఇంకొంచెం వచ్చింది. తాడు మీద ఆరేశారు. సాయంత్రానికి పెట్రోలు ఆరింది గాని చీర ఆరలేదు. వేలు పెడితే జిడ్డుగా అంటుకుంటోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ధనుంజయ్ తల రెండు చేతులా పట్టుకుని మంచం మీద పడుకున్నాడు.

"తల బద్దలైపోతోంది. ఎసిడిటీ అనుకుంటా. ఒక లవంగం ఇవ్వు ఉమా."

ఆమె ఇచ్చింది.

* * *

నాంచారమ్మ మర్నాడు వచ్చింది. చీరను ఒళ్లో వేసుకుని, అంచు ఏదో ఒళ్లేదో తెలియని చోట చెయ్యి పెట్టి, శబ్దం లేకుండా ఏడ్చింది. ఆవిడ తిట్టి ఉంటే పైడమ్మ తట్టుకునేది. తిట్టలేదు. "మీ చెయ్యి అంటే మంత్రమనుకున్నాను వదినా," అంది అంతే. ఆ ఒక్క మాటకు పైడమ్మ పేరంటాల ముందువరస కుర్చీ నాలుగు కాళ్లూ విరిగాయి.

ఇక ఆ సాయంత్రం జరిగిన సభకు అంతులేదు. దానయ్య వచ్చాడు, ముగ్గురూ అవే కుర్చీల్లో కూర్చున్నారు.

"అసలు ఏం కలుపుతున్నారో జనానికి చెప్పాలా వద్దా?" ధనుంజయ్ కుర్చీ చెయ్యి చరిచాడు. "జనం ఆరోగ్యంతో ఆడుకుంటున్నారు!"

"పర్యావరణం మొత్తం నాశనం అయిపోతోంది భాయ్," అన్నాడు దానయ్య. "ఆ రంగు చూశావా? అదే గాల్లోకి పోతోంది. అదే నీళ్లలోకి పోతోంది. రేపు మన పిల్లలు..." అని తల అడ్డంగా ఊపాడు.

"విషం! ఒట్టి విషం!" అన్నాడు పాపయ్య. "ఇంత విషం ఇంట్లో పెట్టుకుని బతికాం!"

ఉమారాణి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పిల్ల పడిపోయినప్పుడు పిల్ల టిఫిన్ తినలేదు. చీర అంచు దిగినప్పుడు దేశానికే గండం వచ్చింది. ఆమెకు నవ్వు వచ్చింది. టీ పెట్టలేదు. ఎవరూ గమనించలేదు.

పైడమ్మ పెద్దరికంతో తీర్పు చెప్పింది. "మంచి పెట్రోలు దొరికేంతవరకు నాను ముట్టను. అబ్బే! కల్తీ సరుకుతో నా పేరు పోగొట్టుకోను." బేసినును బోర్లించి, పీటతో సహా మంచం కిందకు తోసేసింది.

పేరు కోసమైతేనేం, ఆగింది కదా అనుకుంది ఉమారాణి. వారం రోజులు ఇంట్లో కిటికీలు తెరిచి పెట్టింది. మసి వచ్చి పడింది, తుడుచుకుంది. నడవ గదిలో ఏళ్లుగా తిష్ట వేసిన వాసన గోడల్లోంచి నెమ్మదిగా వదిలింది. ఫణిశ్రీ ఆ గదిలోనే కూర్చుని లెక్కలు చేసుకుంది. కాని ఉమారాణికి మనసులో ముల్లు ఉండనే ఉంది. తప్పు కారణం మీద ఆగిన పని, ఆ కారణం తీరిపోతే మళ్లీ మొదలవుతుంది. "మంచి పెట్రోలు దొరికేంతవరకు" అన్న మాటలో ఆ తలుపు ఓరగా తెరిచే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఫణిశ్రీ వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుంది.

"అమ్మా, నాన్న వాళ్ల ఆఫీసు మహేంద్ర అంకుల్‌తో ఫోన్లో మాట్లాడారు. పెట్రోలు దొరికిందంట, అసలీ వాలా. రేపు పొద్దున నన్ను రెడీగా ఉండమన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నాన్నమ్మ పీట బయటికి తీయించేసింది." కొంచెం ఆగి, "కూర్చోకపోతే ఫీలవుతుందమ్మా. ఎవరూ ఆవిడకి ఫోన్ చేయట్లేదు ఈ వారం" అంది.

ఉమారాణి పొయ్యి తగ్గించింది. చేతులు తుడుచుకుంది. నడవలోకి వెళ్లి ఫోను తీసి నాంచారమ్మకు చేసింది. మాట్లాడాల్సింది తక్కువే గాని, ఆవిడ అడిగినవన్నీ చెప్పింది: పిల్ల పడిపోయింది, డాక్టరమ్మ ఇలా అంది, అందుకని. పేరంటాల తెలుగువాళ్లందరిలో నాంచారమ్మ నోరు ఎంత పెద్దదో ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

ఆ రాత్రి భోజనానికి ఆవపెట్టిన అరటికాయ కూర, చారు. అందరూ కింద కూర్చున్నారు. ధనుంజయ్ మొదటి ముద్ద మింగగానే ప్రకటించాడు.

"అమ్మా, పని అయిపోయింది. మహేంద్రకి తెలిసినవాడొకడు ఉన్నాడు. చిన్న విమానాలుంటాయి కదా, ట్రైనింగువి, వాటి పెట్రోలు డబ్బాలో పంపుతానన్నాడు. చుక్క సారా కలవదు. సర్ఫు కలవదు. నీలంగా, గంగాజలంలా ఉంటుందంట. విమానానికి పోసేది అంటే ఎంత శుద్ధమై ఉండాలి!"

"ఆకాశంలో ఎగిరేదానికి కల్తీ పోస్తారేటి!" అంది పైడమ్మ. వారం తరవాత ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. "నాంచారమ్మ సీర మళ్లీ తెమ్మని సెప్పు. ఫణీ, రేపు తొందరగా లెగాల."

"దాంట్లో ఇంకా సీసం కలుపుతారు," అంది ఉమారాణి. "బళ్ల పెట్రోల్లోంచి తీసేశారు గాని, ఆ విమానాల దాంట్లోంచి తియ్యలేదు."

పాపయ్య ముద్ద ఆపి తలెత్తాడు. కళ్లలో పాత రోజులు మెరిశాయి. "సీసం ఉందా? నిజంగానే? అయితే అది పెట్రోలంటే!"

ఉమారాణి చారు గిన్నె కింద పెట్టి, తనూ కూర్చుంది. మామూలుగా అందరూ తిన్నాక తినే మనిషి అలా మధ్యలో కూర్చునేసరికి అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఒక సంగతి చెప్తాను. ఫణి రేపు ఆ పీట మీద కూర్చోదు. రేపే కాదు, ఎప్పుడూ కూర్చోదు. నేనూ కూర్చోను. పెట్రోలు ఈ ఇంటికి స్కూటరు ట్యాంకులో వస్తుంది, ట్యాంకులోనే ఉంటుంది. మామూలుదైనా, ఖరీదైనదైనా, విమానాలదైనా."

"అరె, ఇది శుద్ధమైంది అంటున్నాను కదా..."

"అందుకే కారణం కూడా చెప్తున్నాను, వినండి. అందులో సారా కలిసిందని కాదు. చీర పాడైందని కాదు. ఎంత శుద్ధమైనా అది మనిషి చేతులు ముంచేది కాదు, పీల్చేది కాదు. రేపు ఇంకెక్కడో ఇంకా శుద్ధమైంది దొరికిందని ఎవరూ ఈ గుమ్మంలోకి తేవద్దు. మధ్యాహ్నం నాంచారమ్మగారికి ఫోన్ చేసి, ఇంక మా ఇంట్లో పెట్రోలు వాష్ లేదు, ఎందుకు లేదో కూడా అందరికీ చెప్పమన్నాను."

"నాంచారమ్మకా!" అన్నాడు ధనుంజయ్. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. నాంచారమ్మకు మధ్యాహ్నం చేరిన మాట ఈపాటికి మోవా దాటి, రైల్వే కాలనీ దాటి, ఎక్కడెక్కడో భోజనాల దగ్గర కూర్చుని ఉంటుంది. దాన్ని వెనక్కి పిలవడం రైల్వే వాళ్ల వల్ల కూడా కాదు.

"మరి జనం సీరలు?" అన్నాడు పాపయ్య.

"కుంకుడుకాయ రసంతో నేను చెయ్యగలిగితే చేస్తాను. పోని మరకలు పోవు. మరకతోనే కట్టుకుంటారు."

పైడమ్మ చారన్నం కలుపుతూ, కలుపుతూ, తినకుండా కూర్చుంది. కోడలు పబ్లిగ్గా పరువు తీసిందని కేక వేస్తుందని అందరూ ఎదురు చూశారు. ఆమె ఫణిశ్రీ వైపు ఒకసారి చూసి, మళ్లీ కంచంలోకి చూసింది.

"నాకూ వొస్తాదే తలనొప్పి," అంది చివరికి. "పెట్రోలు పట్టిన పూటల్లా వొస్తాది. వయసనుకున్నాను. ఒకసారి పీట మీదే తూలిపోనాను, మీరెవరూ ఇంట్లో నేరు. సెప్పనేదు. సెప్తే ఇంక సెయ్యనివ్వరని."

ఉమారాణి ఆమె కంచంలోకి కొంచెం వేడి చారు పోసింది.

"సోమవారం డాక్టరమ్మ దగ్గరికి మనిద్దరం వెళ్తున్నాం అత్తయ్యా," అంది. "రక్తం తీస్తారు. తినేసే రండి."

"ఆటోలో ఎల్దాం," అంది పైడమ్మ. "ఆడి స్కూటరు దగ్గుతాది."